ముందు వాళ్ల మినీ ప్రాజెక్టునే పగలగొట్టించు

ప్రశ్న: మేడం, నేను అనంతపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. చేరి మూడేళ్లయింది. ఈ సెమిస్టర్ థర్డ్ ఇయర్ సీఎస్ఈ వాళ్లకు క్రిప్టోగ్రఫీ అండ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ నాకిచ్చారు. బోర్డు మీద డీఈఎస్ (సమాచారాన్ని రహస్య కోడ్‌గా మార్చే ఒక పాత పద్ధతి) బొమ్మ వేస్తే అందరూ దించుకుంటారు, మిడ్‌లో అచ్చుగుద్దినట్టు రాస్తారు. అది ఎందుకో మాత్రం ఒక్కరికీ తెలీదు, నిజం చెప్పాలంటే నాకూ అంతంత మాత్రమే. ల్యాబ్‌లో ఉన్నవి పాత సిస్టమ్‌లు, 4 జీబీ ర్యామ్, నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. పోయిన వారం క్లాసయ్యాక ఒక కుర్రాడు ఫోన్ చూపించాడు. మా మార్కుల పోర్టల్లో తన పేజీ తెరిచి, పైన అడ్రస్‌లో ఉన్న రోల్ నంబర్ మారిస్తే వేరేవాళ్ల మార్కులు వస్తున్నాయి. నాకు చెమటలు పట్టాయి. హెచ్‌ఓడీ సార్‌తో ఈ సంగతి చెప్పకుండా, క్లాసులో అటాకులు కూడా కాస్త చూపిద్దామా అని కదిపి చూశాను. "అవి నేర్పితే పిల్లలు చెడిపోతారు, సిలబస్ పూర్తి చెయ్యి చాలు" అన్నారు. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, ఆ కుర్రాడిని ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు, కర్నూలులో పదహారేళ్లు ఇదే సబ్జెక్టు చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని. నీ ఉత్తరంలో "నాకూ అంతంత మాత్రమే" అన్న మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే మొదటి నాలుగేళ్లు ఆ మాట నేను నాకు కూడా చెప్పుకోలేదు. డీఈఎస్‌లో 16 రౌండ్లు, దాని స్థానంలో వచ్చిన ఏఈఎస్‌లో 10, 12, 14 రౌండ్లు, ఇంకో పద్ధతి ఆర్‌ఎస్‌ఏ అంటే రెండు చిన్న ప్రధాన సంఖ్యలు తీసుకుని లెక్క చెయ్యడం, ఇలా ఐదో యూనిట్ దాకా లాక్కొచ్చి సెక్యూరిటీ నేర్పేశాననుకునేదాన్ని.

ముందు ఆ కుర్రాడి సంగతి. మిగతావి ఆగుతాయి, అది ఆగదు.

వాడు నీ దగ్గరికి వచ్చాడు, అది మర్చిపోకు. రాకుండా హాస్టల్లో నలుగురికి చూపించి నవ్వుకుని ఊరుకోవచ్చు (చూపించే ఉంటాడులే, అది వేరే). పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరి మార్కులు చూశాడో, ఎవరికి చెప్పాడో అడుగు, పోలీసు అడిగినట్టు కాకుండా. ఇంకోసారి ఆ నంబర్ మార్చి చూడొద్దని, వేరేవాళ్ల మార్కుల స్క్రీన్‌షాట్ ఒక్కటి కూడా వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదని గట్టిగా చెప్పు. కారణం కూడా చెప్పు, పిల్లలకు కారణం చెప్పకపోతే మనం భయపడుతున్నామనే అనుకుంటారు. ఐటీ చట్టం, 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్లినా, అందులోంచి డేటా తీసుకున్నా నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "తాళం వెయ్యలేదు కదా మేడం" అంటారు మనవాళ్లు. తలుపు తీసి ఉన్నంత మాత్రాన పక్కింట్లోకి వెళ్లి బీరువా తెరుస్తామా?

తర్వాత నువ్వు ఒక కాగితం రాయి, ఒకటే పేజీ, నీ పేరుతో, వాడి పేరు లేకుండా. ఏ పేజీలో ఏం మారిస్తే ఏం కనబడుతోంది, అది నీకు ఏ తేదీన తెలిసింది, ఎలా సరిచెయ్యొచ్చు. హ్యాక్ అన్న మాట అందులో ఒక్కసారి కూడా రాకూడదు, వచ్చిందంటే ప్రిన్సిపాల్ గదిలో ఆ తర్వాతి వాక్యం ఎవరూ చదవరు. లోపం ఏమిటంటే, లాగిన్ అయింది ఎవరో సర్వర్‌కు తెలుసు, కానీ అడుగుతున్న మార్కులు అతనివేనా అని చూడట్లేదు, అడ్రస్‌లో ఏ నంబర్ వస్తే ఆ నంబర్ నమ్మేస్తోంది. ఆ పోలిక ఒక్కటి సర్వర్‌లో పెడితే పని అయిపోతుంది. పోర్టల్ చేసినవాళ్లు "రోల్ నంబర్ కనబడకుండా దాచేస్తాం సార్" అంటారు చూడు, తప్పకుండా అంటారు, అది మందు కాదని ఆ కాగితంలోనే రాసిపెట్టు. మీ కాలేజీకి మాత్రమే వచ్చిన జబ్బు కాదిది. వెబ్ అప్లికేషన్లలో తరచూ దొరికే లోపాలకు ఓవాస్ప్ అనే సంస్థ ఒక టాప్ టెన్ జాబితా వేస్తుంది, 2021 జాబితాలో మొదటి స్థానం ఈ రకం లోపానిదే. నెలలు గడిచినా కాలేజీలో ఎవరూ కదలకపోతే, ఇలాంటి లోపాల మీద రిపోర్టులు తీసుకోవడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ ఉంది. కానీ ముందు ప్రిన్సిపాల్ గది.

ఇక మీ హెచ్‌ఓడీ మాట. ఆయన్ని వెంటనే తీసిపారెయ్యకు, ఆ భయంలో కొంత నిజం ఉంది, దానికి నేనే సాక్ష్యం. ఒకసారి నేను మంచి ఊపు మీద ఉండి, శుక్రవారం మధ్యాహ్నం క్లాసులో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే డేటా అడిగిన చోట డేటాబేస్‌కు ఆజ్ఞ పంపడం, చూపించాను. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు, నా పదహారేళ్లలో అంత నిశ్శబ్దంగా విన్న క్లాసు అదే. సోమవారం ఉదయం ఆఫీసు నుంచి కబురు. ఇద్దరు పిల్లలు శనివారం రాత్రి ఒక ట్రావెల్స్ వాళ్ల సైటు మీద అదే ప్రయోగం చేశారు, బుకింగులు ఆగిపోయాయి, ఆ యజమాని ఎలాగో కనిపెట్టి కాలేజీకి వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్లల నాన్నలతో కలిసి నేను కూడా క్షమాపణ చెప్పాను. తప్పు పిల్లలది కాదు, నాది. ఎలా చెయ్యాలో చూపించాను, ఎక్కడ చెయ్యాలో చెప్పలేదు. అప్పట్నుంచి మొదటి క్లాసులో మొదటి పది నిమిషాలు ఒకటే విషయం: నీది కాని దాని మీద, రాతపూర్వక అనుమతి లేకుండా, సరదాకైనా ప్రయత్నించకూడదు. ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించి ఫైల్లో పెట్టేదాన్ని. సంతకం పెట్టిన కాగితానికి మన పిల్లలు భయపడతారు, అదో సౌకర్యం.

ఈ గొడవ మన దగ్గరే పుట్టింది కాదు. 2003లో కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ వైరస్‌లు రాయడం నేర్పే కోర్సు పెడుతున్నామంటే యాంటీవైరస్ కంపెనీల నుంచి పెద్ద దుమారం లేచింది. వాళ్లు కోర్సు మానలేదు, బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని ల్యాబ్‌లో జరిపారు. నేను ఆ పక్షమే. అటాక్ చూడనివాడు డిఫెన్స్ రాస్తే ఎలా ఉంటుందంటే, పాము ఎలా ఉంటుందో తెలియనివాడికి కర్ర ఇచ్చి చేను కాపలా పెట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఏం నేర్పాలి అన్నదానికి వస్తా. నీ క్లాసువాళ్లు సెకండ్ ఇయర్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) మినీ ప్రాజెక్టు చేసి ఉంటారు, లైబ్రరీ మేనేజ్‌మెంటో, హాస్టల్ మేనేజ్‌మెంటో, నూటికి తొంభై ఇవే. ఆ కోడ్ తెమ్మను. సీనియర్ల దగ్గర కాపీ కొట్టింది అయినా పర్లేదు, చాట్‌జీపీటీ రాసిచ్చింది అయినా పర్లేదు, ఇంకా మంచిది. లాగిన్ పేజీ తెరిచి, యూజర్ పేరు అడిగిన చోట పేరు బదులు ఒక సింగిల్ కోట్, దాని వెనక ఎప్పుడూ నిజమయ్యే ఒక షరతు, ఒకటి ఒకటికి సమానం లాంటిది, చివర్లో మిగతాది పట్టించుకోవద్దని చెప్పే కామెంట్ గుర్తు, కొట్టించు. చాలా ప్రాజెక్టులు గబుక్కున అడ్మిన్ పేజీ తెరిచేస్తాయి. తను రాసిన కోడ్ తన కళ్ల ముందే అలా లొంగిపోతే ఆ పిల్లాడి మొహం చూడాలి నువ్వు. అప్పుడు అడుగు, ఇక్కడ నీ ప్రోగ్రాం ఏది నమ్మింది అని. పేరు వస్తుందని నమ్మింది, హుకుం వచ్చింది. వచ్చిన అక్షరాలను క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) వాక్యంలో అతికించడం వల్ల డేటా ఏదో ఆజ్ఞ ఏదో డేటాబేస్‌కు తెలియకుండా పోయింది. ఆ తర్వాత ఆజ్ఞను ముందే రాసి డేటాను విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో అదే పేజీ తిరగరాయించు, మళ్లీ అదే కోట్ కొట్టించు, ఈసారి లొంగదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఈ దారిలోనే పోయాయి, పైగా వాటిని ఉన్నవి ఉన్నట్టుగా దాచుకున్నారు. ఈ మాట కోడ్ పగిలాక చెప్పు. ముందే చెబితే అదీ ఒక బిట్ క్వశ్చన్ అనుకుని నోట్స్‌లో రాసుకుంటారు.

"ఇక్కడ ప్రోగ్రాం ఏది నమ్మింది?" ఈ ప్రశ్న ఒక్కటి సెమిస్టర్ అంతా తిప్పి తిప్పి అడుగు. మీ పోర్టల్ అడ్రస్‌లోని నంబర్‌ని నమ్మింది, ఆ కుర్రాడికి సగం పాఠం వచ్చేసినట్టే.

అసలు ఈ ప్రశ్న థర్డ్ ఇయర్‌లో మొదలవడమే ఆలస్యం. ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో పేరు చదవడానికి గెట్స్ ఫంక్షన్ వాడించే మాన్యువల్స్ నేను చాలా చూశాను, మీ దగ్గర ఉందేమో ఒకసారి తిరగెయ్యి. 1988 నవంబర్ 2న కార్నెల్‌లో పీజీ చదువుతున్న రాబర్ట్ మోరిస్ ఇంటర్నెట్ మీద ఒక వర్మ్ (ఒక యంత్రం నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాం) వదిలాడు. అది వాడిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీసు. అందులో ఈ గెట్సే ఉంది, 512 బైట్లు పట్టే చోటికి 536 బైట్లు పంపితే వద్దనకుండా మింగేసింది. ఎంత వస్తుందో అడగకుండా తీసుకునే ఫంక్షన్ అది, ఆఖరికి 2011 సీ ప్రమాణంలోంచే తీసేశారు. మన ల్యాబ్ మాన్యువల్‌లోంచి ఎవరు తీస్తారు? మోరిస్ కథలో ఇంకో ముక్క కూడా చెప్పు, పిల్లలకు అదే బాగా తగులుతుంది. ఆయన నష్టం చెయ్యాలని రాయలేదంటారు, కానీ వర్మ్ ఒక యంత్రంలోకి వెళ్లాక అక్కడ ఇప్పటికే ఉన్నానని తెలిసినా ఏడింట ఒకసారి మళ్లీ దూరేలా పెట్టాడు. ఆ ఏడు అన్న అంకె తప్పు లెక్క, వేల యంత్రాలు కూలబడ్డాయి. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు, ఇది మాత్రం కొంచెం మెల్లగా చెప్పు, మనవాళ్లకు అదే గుర్తుంటుంది.

ఏసీఎం, ఐఈఈఈ అనే కంప్యూటర్ నిపుణుల సంఘాలవాళ్లు కలిసి 2013లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి ఒక నమూనా పాఠ్యప్రణాళిక ఇచ్చారు. సెక్యూరిటీని విడి విభాగంగా మొదటిసారి చేర్చింది అందులోనే. ఆ విభాగానికి విడిగా ఇచ్చిన తప్పనిసరి గంటలు 9 మాత్రమే, మిగతా 60కి పైగా గంటలు ఓఎస్‌లో, నెట్‌వర్క్స్‌లో, ప్రోగ్రామింగ్‌లో, ఆయా సబ్జెక్టుల లోపలే పెట్టారు. మన దగ్గర రివర్సు, అన్నీ అయిపోయాక చివర్లో ఒక క్రిప్టో పేపర్. అది నువ్వూ నేనూ మార్చలేం. కానీ డీబీఎంఎస్ చెప్పే ఆయనతో స్టాఫ్ రూమ్‌లో ఉగ్గాని బజ్జీ తింటూ "ఆ క్వెరీ అతికించి రాయడం ఆపించండి సార్" అని అడగగలవు కదా, దానికి అకడమిక్ కౌన్సిల్ అక్కర్లేదు.

క్రిప్టో మానేయమనట్లేదు, అది పరీక్షలో వస్తుంది, పిల్లలు పాసవ్వాలి. కాకపోతే డీఈఎస్‌లో బిట్లను మార్చే ఎస్-బాక్సుల పట్టికలు బోర్డు మీద ఎక్కించి అరగంట తగలెయ్యకు. డీఈఎస్ 1977లో ప్రమాణమైంది, కీ (తాళంచెవి లాంటి రహస్య సంఖ్య) 56 బిట్లు, అంటే దాదాపు 720 కోట్ల కోట్ల కీలు. వినడానికి భయంకరంగా ఉంది కదా. 1998లో ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ ఒక యంత్రం కట్టింది, అది సెకనుకు 9,000 కోట్ల కీలు ప్రయత్నించేది. అన్నీ వెతకడానికి ఎన్ని రోజులు, సగటున ఎన్ని రోజులు, పిల్లల చేత లెక్క కట్టించు. తొమ్మిది రోజుల పైచిలుకు, సగటున నాలుగున్నర. డీఈఎస్ కీ కనిపెట్టే ఒక పోటీలో ఆ యంత్రానికి అదృష్టం కలిసొచ్చి 56 గంటల్లోనే దొరికింది. ఇప్పుడు ఏఈఎస్‌లో 128 బిట్లు ఎందుకో నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్తారు.

ఆ ఏఈఎస్ కూడా తప్పుగా వాడితే ఏమవుతుందో చూపించడానికి పది నిమిషాల పని ఉంది. మీ కాలేజీ లోగోను బీఎంపీ ఫైలుగా మార్చి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఉచిత టూల్‌తో ఈసీబీ మోడ్‌లో (ప్రతి ముక్కనూ విడిగా మార్చే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చెయ్యి, పాత ఫైలు మొదటి 54 బైట్ల హెడర్ తెచ్చి దీనికి తగిలించి తెరువు. రంగులు మారతాయి, లోగో మాత్రం అలాగే కనబడుతుంది. ఒకే రకం ముక్కలు ఒకే రకంగా మారతాయి కాబట్టి ఆకారం పోదు. తర్వాత సీబీసీలో (ప్రతి ముక్కలో ముందు ముక్క ఫలితం కలిపే పద్ధతి) చేసి చూపించు, ఇసుక చల్లినట్టు ఉంటుంది. మోడ్స్ ఆఫ్ ఆపరేషన్ మీద ఎనిమిది మార్కుల ప్రశ్న ఆ తర్వాత ఎవరూ బట్టీ పట్టరు.

హ్యాషింగ్ (సమాచారాన్ని వెనక్కి తిప్పలేని ఒక కోడ్‌గా మార్చడం) దగ్గర ఇంకోటి. "మీ ఫోన్ నంబర్ హ్యాష్ చేసి దాచాం, సేఫ్" అంటుంటారు కంపెనీలవాళ్లు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లో ఒకటి, అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలే. నీ పాత సిస్టమ్‌లో పైథాన్ ప్రోగ్రాం సెకనుకు పది లక్షల హ్యాష్‌లు చేస్తుందనుకో, 4,000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. ఒక్క ల్యాబ్ పీరియడ్‌లో ఏ నంబర్ హ్యాష్ అయినా విప్పొచ్చు. ఈ ప్రయోగం నీ నంబర్‌తోనే చెయ్యి, పిల్లలది వద్దు. పాస్‌వర్డ్‌లకు సాల్ట్ (హ్యాష్ చేసే ముందు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) ఎందుకు, కావాలనే నెమ్మదిగా నడిచే బీక్రిప్ట్ లాంటివి ఎందుకు అన్నది ఇక్కణ్ణుంచి దానంతటదే వస్తుంది.

వీలైతే ఒక ఆదివారం పిల్లల్ని గుత్తి కోట ఎక్కించు, అనంతపురం నుంచి గంట ప్రయాణం. నవ్వకు, పిక్నిక్ కాదు. 1770లలో అది మరాఠా సర్దారు మురారిరావు చేతిలో ఉన్నప్పుడు హైదర్ అలీ వచ్చి ముట్టడించాడు. కొండ చుట్టూ అన్ని గోడలు, అన్ని ద్వారాలు ఉన్న ఆ కోట శత్రువుకు చిక్కింది గోడలు కూలి కాదు, పైన నీళ్లు అయిపోయి. అక్కడ కూర్చోబెట్టి అడుగు, మన కాలేజీ సిస్టమ్‌లో గోడ ఏది, నీళ్లు ఏవి అని. ఎన్‌క్రిప్షన్ గోడ. పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ చేసే పేజీ, ల్యాబ్ అసిస్టెంట్ మానిటర్‌కు అంటించిన పాస్‌వర్డ్ చీటీ, ఎవరూ చూడని బ్యాకప్ పెన్‌డ్రైవ్, ఇవి నీళ్లు. దెబ్బ ఎటు నుంచి పడొచ్చో ముందే ఆలోచించడానికి ఉన్న థ్రెట్ మోడలింగ్ అనే పెద్ద పేరు కిందికి దిగొచ్చాక చెప్పొచ్చు. మే నెలలో మాత్రం వెళ్లకండి, మీ నీళ్లే అయిపోతాయి.

ల్యాబ్ గురించి దిగులు వద్దు. సిరక్యూస్ యూనివర్సిటీలో వెన్‌లియాంగ్ డూ 2002లో మొదలుపెట్టిన సీడ్ ల్యాబ్స్ అనే సెక్యూరిటీ ప్రయోగాలు ఉన్నాయి, ఉచితం, ప్రశ్నపత్రాలతో సహా దొరుకుతాయి. నీ 4 జీబీ సిస్టమ్‌ల మీద వాటికి కావాల్సిన వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) మూలుగుతూ నడుస్తుంది, అందుకే అన్నింట్లో వెయ్యకుండా కాస్త మంచివి ఐదారు ఏరి ముగ్గురు నలుగురిని కలిపి కూర్చోబెట్టు. మిగతావాటిలో ఎక్సాంప్ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే ఉచిత ప్యాకేజీ) వేసి డీవీడబ్ల్యూఏ పెట్టు, కావాలనే లోపాలతో రాసిన వెబ్‌సైటు అది, పాత సిస్టమ్‌లలో కూడా హాయిగా నడుస్తుంది. పెట్టే ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్యి, నిజంగా చేత్తో పట్టుకుని పీకెయ్యి. నెట్ రాదని నువ్వు బాధపడ్డావు చూడు, ఈ సబ్జెక్టుకు అది వరం.

మార్కుల విషయంలో మిడ్ పేపర్ నీ చేతిలో ఉండకపోవచ్చు, అసైన్‌మెంట్ ఉంటుంది. క్లాసును జట్లుగా చేసి ఒక జట్టు రాసిన ప్రాజెక్టును ఇంకో జట్టు చేత పగలగొట్టించు. పగలగొట్టినందుకు సగం మార్కులే ఇవ్వు, మిగతా సగం ఎలా సరిచెయ్యాలో అవతలి జట్టుకు అర్థమయ్యేలా ఒక పేజీ రాసినందుకు. ఆ ఒక్క పేజీ దగ్గరే అందరికీ చెమటలు పడతాయి. ఆ పోర్టల్ కుర్రాడికి కూడా ఇదే పని అప్పగించు, వాడి దురద తీరడానికి ఒక చోటు కావాలి. సీటీఎఫ్ పోటీలు (దాచిన రహస్యాన్ని పట్టుకునే సెక్యూరిటీ ఆటలు) కూడా చూపించు, కార్నెగీ మెలన్ వాళ్ల పికోసీటీఎఫ్ మొదలుపెట్టడానికి తేలిక, మన దేశంలో అమృత యూనివర్సిటీ వాళ్ల ఇన్‌సీటీఎఫ్ ఉంది. ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్‌కు యాభై వేలు కట్టమంటారా అని పిల్లలు అడుగుతారు, వద్దను. లినక్స్, నెట్‌వర్క్స్, సీ సరిగ్గా వస్తే తర్వాత ఆలోచించుకోవచ్చు. నీకు పట్టు రావడానికి ఎన్‌పీటెల్ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఖరగ్‌పూర్ దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ క్రిప్టో పాఠాలు, ఐఐటీ మద్రాస్ చెస్టర్ రెబీరో సిస్టమ్స్ సెక్యూరిటీ పాఠాలు ఉన్నాయి. ఒక వారం ముందుండు చాలు, మేమందరం అలాగే చెప్పాం.

హెచ్‌ఓడీని ఒప్పించేటప్పుడు అటాక్ అనకు, కోర్సు ఫైల్లో "కంటెంట్ బియాండ్ సిలబస్" అనే శీర్షిక ఉంటుంది కదా, ఎన్‌బీఏ వాళ్లు (కోర్సులకు గుర్తింపు ఇచ్చే బోర్డు) వచ్చినప్పుడు అందరూ ఏదో ఒకటి రాసి నింపేది, దాని కింద "సెక్యూర్ కోడింగ్ అభ్యాసాలు" అని రాసి తీసుకెళ్లు. పిల్లల సంతకాల కాగితం, కేబుల్ పీకిన ల్యాబ్ ఫోటో కూడా జతచెయ్యి. ఆయనకు కావాల్సింది రేపు ఏదైనా అయితే చూపించడానికి ఒక ఫైలు, అది నువ్వే తయారుచేసి ఇస్తే కాదనరు.

పోర్టల్ కాగితం మాత్రం ఈ సోమవారం ఇచ్చెయ్యి. ఒక కాపీ మీద ఆఫీసులో తేదీ ముద్ర వేయించుకో, అది నీ దగ్గర ఉంచుకో.